కళ్లు మూసుకుని తాగే సూప్

అక్కా,

"మీ బావ హోటల్ సూప్‌ని పేపర్లో మెచ్చుకున్నావంటే, నీ నాలుక గానీ చచ్చిపోయిందేంట్రా?" అని అడిగావు. నిజంగానే చచ్చిపోయింది. జ్వరం తగ్గాక నెల రోజులు ఉప్పూ కారం తెలియలేదు. ఎడిటర్‌కి చెబితే నా వంటల కాలమ్ ఊడుతుంది. అందుకే పక్క టేబుల్ వాళ్ల మొహాలు చూసి రాశాను.

బావ హోటల్లో ఒకాయన కళ్లు గట్టిగా మూసుకుని సూప్ మింగాడు. టీవీ వంటల పోటీల్లో జడ్జీలూ అలాగే మూస్తారు కదా, పరవశం అనుకున్నాను.

బావ నేను రాసిన ఆ మెచ్చుకోలుని ఫ్రేము కట్టించాడట. ఆయనకి నిజం చెప్పకు.

నిన్న కాఫీ చేదు తెలిసింది. నాలుక లేచి కూర్చుంది. ఆదివారం బావ నాకోసం ప్రత్యేకంగా అదే సూప్ చేస్తున్నాడటగా. ఎలాగోలా గట్టెక్కించు.

ఇట్లు,
ఆదివారం పొద్దున్నే జ్వరం రాబోయే
నీ తమ్ముడు