అద్దె టైర్లు నాకొద్దు

జూన్ 2, సోమవారం

చెప్పేది నేను, కొండమ్మను. రాసేది కోడలు స్నేహలత. నాకు అక్షరం రాదు, అబద్ధం అంతకన్నా రాదు. చెప్పింది చెప్పినట్టు రాయి, అందంగా రాయకు అని ముందే చెప్పాను. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. నా మాట ఒకచోట ఉండాలి, అంతే.

మా ఆయన అంద్రెయ పోయి పది నెలలు. రేపల్లెలో మా గుమ్మం ముందు ఆయన అంబాసిడర్ అలాగే నిలబడి ఉంది. ఈ ఇరవై ఒకటికి దానికి పదిహేనేళ్ళు నిండుతాయి. ఈలోగా బాపట్లలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి పాస్ చేయించాలి. పాసైతే అక్కడి హనుమంతరావు మాస్టారు కొంటారు. కాకపోతే తుక్కు కింద ముక్కలు కొడతారు. ఆయన పట్టుకున్న స్టీరింగును సుత్తితో కొట్టనిస్తానా?

జూన్ 4

మెకానిక్ ప్రేమ్ కుమార్ వచ్చి కారు కింద దూరాడు. బ్రేకు షూలు అరిగిపోయాయట. ముందు చక్రాల దగ్గర కింగ్ పిన్ను లూజట. హ్యాండ్ బ్రేకు కేబుల్ రేపో మాపో తెగుతుందట. టైర్లు సరే, అరిగి నున్నటి గుండ్లు.

బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, టైర్లు కొనడం దేనికి పెద్దమ్మా, మా శశిధర్‌కి ఇలాంటి బండే ఉంది, ఆ ఒక్కరోజుకి వాడి టైర్లు అద్దెకి తెచ్చి ఎక్కిద్దాం, పాసయ్యాక మళ్ళీ మనవే వేసేద్దాం, అందరూ చేసేది అదే అన్నాడు.

మాస్టారు ఈ బండి కొనేది భార్యను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్ళడానికి. ఆవిడను ఏ టైర్ల మీద తీసుకెళ్ళమంటావురా, అద్దెవాటి మీదా, గుండువాటి మీదా అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు. గోక్కోవడం అయ్యాక తెనాలి పద అన్నాను.

జూన్ 6

తెనాలిలో టైర్లు వెంటనే దొరికాయి. సామాన్ల కోసం మాత్రం మూడు షాపులు తిరిగాం. నాలుగో షాపులో కనకదుర్గ అనే ఆవిడ కూర్చుని ఉంది. అంబాసిడర్‌కా, మ్యూజియంలో అడగండి పిన్నిగారూ అంది. మ్యూజియంలోంచే వస్తున్నానమ్మా, అక్కడ అయిపోయాయి, లేచి పైన వెతుకు అన్నాను. నవ్వేసింది. కొట్లో కుర్రాణ్ణి అటక ఎక్కించింది. దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టెల్లో షూలూ, కింగ్ పిన్ను సెట్టూ, కేబులూ అన్నీ దొరికాయి.

జూన్ 8, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క వినలేదు. బుర్రంతా కింగ్ పిన్నే.

జూన్ 12

ప్రేమ్ కుమార్ అన్నీ బిగించాడు. పెనుమూడి వంతెన దాకా వెళ్ళాం. దిగేటప్పుడు బ్రేకు వేయమన్నాను. టక్కున ఆగింది. పోయినేడు ఇక్కడే ఆయన గేదెను గుద్దాడు. బ్రేకు బాగానే ఉందే, గేదెకే తొందర అని నన్నే కసిరాడు. మంచివాడే, కానీ బండి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

జూన్ 14

బానెట్ ఎత్తి చూస్తే ఇనుమంతా తుప్పు. ఇలా పంపితే రేపల్లె పరువు ఏం కావాలి? గేటుకు వేయగా మిగిలిన నల్లరంగు తెచ్చాను. ఒకచోట ఇనుము మీద చీమలు పాకినట్టు సన్నటి గుంటలున్నాయి. లప్పం పెట్టి నున్నగా సాపు చేసి రెండు కోటింగులు కొట్టాను. టీచరు కదా, స్నేహలత బడిలో ఉంది. సాయంత్రం వచ్చి చూసి, భలే మెరుస్తోంది అత్తయ్యా అంది.

జూన్ 17, మంగళవారం, బాపట్ల

ఇన్‌స్పెక్టర్ కుర్రవాడే. లైట్లు చూశాడు, హారన్ విన్నాడు, బండి నడిపి బ్రేకు తొక్కాడు. ఈ మధ్య ఇంత మంచి బ్రేకు చూడలేదండి అన్నాడు. నేను ప్రేమ్ కుమార్ వైపు చూశాను. వాడు నేల చూపులు చూశాడు.

తర్వాత బానెట్ ఎత్తించి కాగితం, పెన్సిలు పట్టుకుని వంగాడు. ఎంతకీ లేవడే! ఛాసిస్ నంబరు కనపడటం లేదు, నంబరు చెరిపేసిన బండిని పాస్ చేయలేనండి, దొంగబండి అనుకోవాల్సి వస్తుంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవర్నిరా దొంగ అంటున్నావు, ఈ బండి ఎక్కి పురుడు పోసుకోవడానికి వెళ్ళిన ఆడవాళ్ళను రేపల్లె నుంచి పిలిపించనా అని అందరి ముందూ అరిచాను. అతను కోప్పడలేదు. మామ్మగారూ, నంబరు ఇదుగో ఇక్కడ చెక్కి ఉండాలండి అని వేలు పెట్టి చూపించాడు.

నేను లప్పం పెట్టిన చోటు.

అది రాతని తెలిస్తే పూడుస్తానా? నేనే పూడ్చాను బాబూ, గుంటలనుకున్నాను అన్నాను. ప్రేమ్ కుమార్ ఊరుకుంటాడా? దొంగ టైర్లు వద్దన్నావు, బండినే దొంగబండి చేశావు కదా పెద్దమ్మా అన్నాడు. ముయ్యి, పెట్రోలు పట్రా అన్నాను.

భోజనాల వేళలోపు కనిపిస్తే చూస్తానన్నాడు ఇన్‌స్పెక్టర్. పెట్రోలుతో తడిపి నా పిన్నీసుతో గీకాను. నా రంగు నేను వేశాను కనక ఊరికే ఊడదు. వేళ్ళు మండిపోయాయి. ఒక్కో అక్షరం బయటపడుతుంటే సెలవు పెట్టి వచ్చిన స్నేహలత ఆర్సీ కాగితంలో చూసి, ఇది ఉంది అత్తయ్యా, ఇదీ ఉంది అంటూ వచ్చింది. చివరిది తేలగానే ఇన్‌స్పెక్టర్‌ను కేకేసి పిలిచింది. ఇన్‌స్పెక్టర్ కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. సరిపోయింది. పాస్.

తిట్టినందుకు ఏమనుకోకు నాయనా అన్నాను. మా నాయనమ్మ ఇంకా గట్టిగా తిడుతుందండి అన్నాడు.

ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాను. పది నెలల తర్వాత ఒళ్ళెరగని నిద్ర.

జూన్ 20

మాస్టారు డబ్బిచ్చి బండి తీసుకెళ్ళడానికి వచ్చారు. వీధి చివరిదాకా నేనూ ఎక్కాను. బ్రేకు వేయండి అన్నాను. వేశారు. ఆగింది.

దిగి నడిచి వచ్చేశాను.