అక్కయ్య గదికి ఆరడుగుల బండ

బొల్లారం, సికింద్రాబాదు
12 జూన్ 1948

అక్కయ్య రోసమ్మకు తమ్ముడు జకర్యా ప్రభువు నామంలో చేసే వందనాలు.

ఇల్లు పైకప్పు దాకా వచ్చింది. ముప్పై ఏళ్లు రైల్వే ఆఫీసులో ఊళ్లో వాళ్ల సామాన్లకు చీటీలు రాసిన. నాకంటూ ఒక గడప వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు. నీ మరదలు ఆలిస్ ఉంటే పొద్దుకు నాలుగుసార్లు వచ్చి గోడలు తడిమి చూసుకునేది. ఏం చేస్తాం, ఆమె ఇల్లు దేవుడు ముందే కట్టిండు.

ఇప్పుడు నేల దగ్గర ఆగిన. షాబాదు బండలు అడుగువి వేయించాల్నా, రెండడుగులవి వేయించాల్నా, పువ్వుల టైల్స్ వేయించాల్నా? బండల దుకాణం బ్రహ్మచారి పెద్దవే ఫ్యాషన్ అంటడు. తూర్పు కిటికీ గది నీది, కాబట్టి నీ మాటే ఖాయం. బావ పోయినప్పటి నుంచి రమ్మని అడుగుతనే ఉన్న. ఆ బాపట్లలో ఒక్కదానివి ఏం చేస్తవ్? ఈసారి కాదనకు.

నీ తమ్ముడు
జకర్యా

తా.క.: సున్నం దుమ్ముకు దగ్గు పట్టుకుంది. డాక్టరు చూసి చేసేదేమీ లేదన్నడు. నువ్వు పరేషాన్ కాకు.

---

బాపట్ల
3 జూలై 1948

చిరంజీవి జకర్యాను అక్కయ్య దీవించి రాయునది.

ఏరా, 'వేయించాల్నా' ఏమిట్రా? మన అమ్మ నీకు ఈ భాషే నేర్పిందా? పోనీలే, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మాట.

పెద్ద బండలు ఫ్యాషనా? ఫ్యాషను, నీ బొంద! అడుగు బండలు వేయించు. ఒకటి పగిలితే ఒకటే మార్చుకోవచ్చు. అయితే కిటికీ దగ్గర, పొద్దున్నే నేను మోకాళ్లేసి ప్రార్థన చేసే చోట మాత్రం అతుకు ఉండకూడదు. అతుకు మీద మోకాలు ఆనిందంటే ప్రభువును తలుచుకోవాల్సింది పోయి మేస్త్రిని తలుచుకుంటాను.

వచ్చే సంగతి అడిగావు. చూద్దాంలే. ఇక్కడ నాకు పనులున్నాయి.

అక్కయ్య
రోసమ్మ

తా.క.: డాక్టరు చేసేదేమీ లేదన్నాడని రాశావు. అది మంచికన్నాడా, చెడుకన్నాడా? సరిగ్గా అడుగు.

---

(కార్డు)

బొల్లారం
28 ఆగస్టు 1948

అక్కయ్యకు వందనాలు.

రోజులు బాగలేవు. ఉత్తరాలు విప్పి చూస్తున్నరంటున్నరు, అందుకే ఎక్కువ రాయను. షాబాదు నుంచి వ్యాగన్లు ఆగిపోయినై. బ్రహ్మచారి దగ్గర మంచివి రెండే మిగిలినై. ఆరడుగుల పొడుగు, రెండున్నర వెడల్పు. ఒకటి నాకు, ఒకటి నీకు తీసిపెట్టిన. నీది నా పక్కనే. ఇంక నా మనసు నిమ్మళంగా ఉంది. ముందేమయితదో దేవునికెరుక.

జకర్యా

---

బాపట్ల
9 సెప్టెంబరు 1948

నా తమ్ముడు జకర్యాకు,

నీ కార్డు చదివి కుర్చీలో కూలబడ్డాను. పక్కింటి ప్రేమమణి మజ్జిగ తెచ్చి తాగించింది. ఆరడుగులు, రెండున్నర! ఆ కొలత దేనిదో మనవాళ్లలో చిన్నపిల్లకైనా తెలుసు. ఆ మాట నేను కాగితం మీద పెట్టను. ఉత్తరంలో అలాంటి మాట రాస్తే ఇంటికి మంచిది కాదని అమ్మ అనేది.

నాకంటే ఆరేళ్లు చిన్నవాడివి. నీకెందుకురా ఇంత తొందర? నన్నడక్కుండా నాక్కూడా చోటు చూసిపెడతావా? ఒక్కటి విను. నీ పక్కన చోటు నాకొద్దు. నా చోటు మీ బావ పక్కనే. అది ఎప్పుడో ఖాయమైపోయింది. నా రాయి వెనక్కి ఇచ్చేసెయ్. నీది కూడా ఇచ్చెయ్.

కళ్లు కనబడట్లేదు, నీళ్లు అడ్డొస్తున్నాయి.

నీ అక్కయ్య

తా.క.: పోయిన ఉత్తరంలో 'నీ బొంద' అన్నాను. ఆ మాట ప్రభువు సన్నిధిలో వెనక్కి తీసుకున్నాను.

---

బొల్లారం
2 అక్టోబరు 1948

అక్కయ్య రోసమ్మ గారికి జకర్యా వందనాలు.

మీ ఉత్తరం నిన్న అందింది. మిలిటరీ వచ్చి అంతా ముగిసినంక టపా షురూ అయింది. ఆ నాలుగైదు రోజులు బేగంపేట దిక్కు విమానాల మోత వినుకుంట కూర్చున్నం. అంతకుముందు రజాకార్ల భయానికి పక్కింటి కమలాబాయి పిల్లలను తీసుకొచ్చి మా ఇంట్లో పండుకుంది. ఇప్పుడు ఎదురింటి దర్జీ సాబు భార్యాపిల్లలు పండుకుంటున్నరు. అప్పుడు వీళ్లకు భయం, ఇప్పుడు వాళ్లకు భయం. నా మట్టి నేల ఇద్దరికీ ఒకటే తీరుగ చోటిచ్చింది.

ఆ రాత్రుల్లో నాకు గుర్తొచ్చింది మీరొక్కరే. బతికి బయటపడితే అక్కయ్యను తెచ్చుకుంట అనుకున్న. తీరా టపా వస్తే నా పక్కన చోటొద్దని రాసినరు. చచ్చినోళ్ల పక్కనే ఉంటానంటే బతికున్న తమ్ముడెందుకు మీకు? సరే. మీ రాయి వెనక్కి ఇచ్చేసిన. సంతోషమేనా?

విధేయుడు
జకర్యా

తా.క.: 'గారు' అని రాసిన, చూసుకోండి.

---

బాపట్ల
14 అక్టోబరు 1948

చిరంజీవి, నిండు నూరేళ్లూ చిరంజీవి అయిన జకర్యాకు,

స్తోత్రం! నువ్వు ప్రాణాలతో ఉన్నావు. రాయి వెనక్కి పోయింది. 'బతికున్న తమ్ముడు' అని నీ చేత్తో నువ్వే రాశావు. అంటే నీలో బతకాలన్న ఆశ మళ్లీ పుట్టిందన్నమాట. పాస్టరు యెషయా గారితో చెప్పి గురువారం మన ఇంట్లో స్తుతి కూటం పెట్టించాను. అందరికీ కాఫీ, ఉప్మా. హిజ్కియా రాజుకు చావు దగ్గరపడితే దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పొడిగించిన భాగం చదివారు. నేను ఏడుస్తూనే ఉన్నాను.

ఇక నీ రాయి కూడా ఇచ్చేసెయ్ నాయనా. చావుకు ముందే గోరీ రాయి కొనిపెట్టుకునే ఇంట్లో శాంతి సమాధానం ఎక్కడుంటుంది? అయ్యో, రాయనన్న మాట రాసేశాను. ప్రభువు క్షమించు గాక.

నీ అక్కయ్య
రోసమ్మ

తా.క.: నీకు కూడా పదిహేనేళ్లే అడిగాం. ప్రేమమణి ఇరవై అడుగుదామంది. ఆశకైనా హద్దుండాలని నేనే ఆపాను.

---

బొల్లారం
25 అక్టోబరు 1948

అక్కయ్యా,

వందనాలు తర్వాత. గోరీ రాయి ఏందే? నేను చచ్చిపోతలేను. నేల వేయిస్తున్న!

నీ ఉత్తరం చదివి ముందు నవ్విన, తర్వాత ఏడ్చిన. దర్జీ సాబు భార్య పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. నా అక్క నన్ను బతికుండంగనే పాతిపెట్టి ఉప్మా తినిపించిందని చెప్పిన. ఆమెకు అర్థం కాలేదు. నాకు సుత కాలేదు.

అడుగు బండలు కావాలంటివి, మోకాళ్ల కింద అతుకు ఉండొద్దంటివి. అడుగు బండ మీద ఎవరి మోకాళ్లు పడతై? అందుకే ఆ ఒక్క చోటికి అతుకులేని బండ తీసిన. ఆరడుగులెందుకంటవా? మోకాళ్లేసి మొదలుపెట్టి, ఆమెన్ అనకముందే అక్కడే ఒరిగి నిద్రపోయేది ఎవరు? నిన్ను నేను చిన్నప్పటి నుంచి చూస్తలేనా? నాది పక్క గదిల, గోడ అవతల. గోడకు ఇటు నువ్వు, అటు నేను. అంతే నేను పక్కన అన్నది.

బండ వెనక్కి ఇయ్యలేదు. కోపంల రాసిన. గోనెపట్టా చుట్టి నీ గదిలనే గోడకు ఆనించి పెట్టిన. ఇంత పెద్ద ఇంట్లో నేనొక్కణ్ణే ఏం చేసుకోవాలే? జెర నా మొహం చూసి రా.

నీ జకర్యా

తా.క.: బండలు తీసుకున్న రోజు బ్రహ్మచారి మెల్లగ నా చెయ్యి పట్టుకుని, 'సార్, పేర్లు తెలుగుల చెక్కాల్నా, ఇంగ్లీషులనా?' అన్నడు. నేలకు పేరేందని నవ్విన. పాపం, ఆయన బేరం సుత ఆడలేదు.

---

బాపట్ల
8 నవంబరు 1948

నా జకర్యాకు అక్కయ్య ముద్దులు.

ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది. పాస్టరు గారు మాత్రం, దేవుడు పదిహేనేళ్లు ఇచ్చేశాడు, ఇంక వెనక్కి తీసుకోడులే అన్నారు. కాబట్టి అవి ఉంచుకో.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. ఇక్కడ నాకు పనులున్నాయని ఏటా రాస్తున్నాను కదా, ఉన్నది ఒక్కటే పని. మీ బావ సమాధి మీద రాయి లేదు. ఉత్త మట్టి దిబ్బ. ప్రతి వానకూ కుంగిపోతుంది. నేను వెళ్లి మట్టి ఎగదోస్తాను. ఈస్టరు తెల్లవారుజామున సున్నం కొట్టి కొవ్వొత్తి పెడతాను. నేనొచ్చేస్తే రెండు వానాకాలాల్లో ఆయన చోటు ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆ భయంతోనే కదల్లేదురా, నీ మీద ప్రేమ లేక కాదు. నీతో చెబితే ఇల్లు ఆపేసి రాయి కొంటావని చెప్పలేదు.

నాకని తీసిన బండ ఇటు పంపించు. మీ బావ పేరు దేవసహాయం అని తెలుగులోనే చెక్కమను. బతికున్నన్నాళ్లూ పంతులు పనికి ఆ బడి ఈ బడి అంటూ ఒక చోట నిలవని మనిషి. మీద ఆరడుగుల బండ ఉంటే ఇక ఎక్కడికీ పోడు. ఆయన మీద అది పెట్టించిన మర్నాడే నేను రైలుబండెక్కుతాను. స్టేషనుకు రా.

నీ అక్కయ్య
రోసమ్మ

తా.క.: నా గదికి మొత్తం అడుగు బండలే వేయించు. మోకాళ్ల కింద దుప్పటి మడత పెట్టుకుంటాను. ఈ సంగతి జూలైలోనే తట్టి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

రెండో తా.క.: నీ బండ నీ గదిలోనే పరిపించు. కాని సున్నం వేయించకు, ఉత్త ఇసుక మీద ఆనించమను. మనిద్దరిలో ఎవరికి ముందు కావలసి వస్తే, వాళ్లకు తేలిగ్గా పైకి వస్తుంది.