మెడపట్టీ కోసేసిన కుక్క

ఆదివారం, పద్నాలుగో తేదీ

అన్నయ్యకు,

నమస్కారాలు. వదిన నడుం నొప్పి తగ్గిందనుకుంటాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. ఈ మాత్రం మర్యాదకి రాశాను. మిగతాది మర్యాదగా రాయడం నా వల్ల కాదు.

పోయిన సోమవారం టీకా వెయ్యమని మా పశువుల ఆసుపత్రిలో నువ్వు వదిలివెళ్లిన తెల్లకుక్క సంగతే. పాప పుట్టినరోజుకి కొన్నానన్నావు. దాని మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి, ఏళ్ల తరబడి పట్టీ ఉన్నట్టు. అనుమానమొచ్చి భుజాల మధ్య యంత్రం ఆనించాను. కుక్క ఎవరిదో తెలియడానికి చర్మం కింద పెట్టే చిప్పు నంబరు చూపించింది. రిజిస్టరులో పేరు నీది కాదు. బస్టాండు వెనక బట్టలు కుట్టే ముసలావిడది.

నీకు ఫోన్ చేస్తే నవ్వావు. పట్టీ కోసి, పేరున్న బిళ్ళతో సహా మురిక్కాలవలో పడేశానని, లోపల ఇంకోటి ఉంటుందని ఎవడికి తెలుసని అన్నావు. కంప్యూటరు నీ చేతిలోదేగా, పేరు మార్చి పారెయ్యమ్మా అన్నావు. ఇంకొకరి కుక్క బిళ్ళ తీసినా, చిప్పు వివరాలు మార్చినా నేరమేనని మా గోడకి కాగితం అంటించి ఉంది. దాని కిందే నిలబడి విన్నాను నీ మాటలు.

ఆవిడకి కబురు పంపాను. మెడలో కొలతల టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. పదకొండు రోజులుగా గిన్నెలో తిండి పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంటోందట. దూదీ అని పిలవగానే అది బల్ల మీంచి దూకి ఆవిడ చేతులన్నీ నాకేసింది. దీన్ని తెచ్చిచ్చిన పుణ్యాత్ముడెవరో చెప్పమ్మా, దణ్ణం పెట్టుకుంటానని ఆవిడ నన్నడిగింది. కుక్కకి తాడు కట్టి ఆవిడ చేతికిచ్చాను.

పోలీసులకి ఫిర్యాదు ఆవిడే ఇచ్చిందనుకుని, ఆవిడ కొట్టుకి వెళ్లి నానా మాటలూ అన్నావట. వదిన చెప్పింది. నీకు సిగ్గెలా లేదు? ఒక కంచంలో తిని పెరిగామని చెప్పుకోవాలంటే ఒళ్లు జలదరిస్తోంది. పాప కుక్క ఏదని ఏడుస్తోందట. దానికి నిజం నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క.: ఫిర్యాదు ఇచ్చింది ఆవిడ కాదు, నేను. రెండు పేజీలు. రెండోది నా మీద. నిరుడు నువ్వు తెచ్చిన నల్లకుక్క చిప్పులో వేరే పేరు కనిపిస్తున్నా, నీ మాట కాదనలేక నీ పేరుకి మార్చేశాను. అప్పుడే చెయ్యాల్సిన ఫోను, దాని అసలు యజమానికి ఇవాళ చేశాను. బతికే ఉందా అని మాత్రం అడిగాడు. దాన్ని ఎవరికి అమ్మావో ఆయనకి చెప్పు. ఆయన ఫోను నంబరు ఈ కాగితం వెనకవైపు రాశాను.