బరువు మీద బిగింపు

జూన్ 3, మంగళవారం

సైదయ్య వ్యాన్ మళ్లీ వచ్చింది. నెలన్నరలో రెండోసారి. ముందు చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌లలోని రబ్బరు బుష్‌లు మళ్లీ చిరిగాయి. ఒరిజినల్ పార్ట్, కొత్త రబ్బరు, నేనే దగ్గరుండి వేశాను. సూర్యాపేటలో బండినెత్తే లిఫ్ట్, బుష్‌లు నొక్కి ఎక్కించే ప్రెస్ రెండూ ఉన్న షెడ్‌లు ఎన్ని?

ఆ వ్యాన్‌లో వారానికి మూడుసార్లు మోతె నుంచి ఆరుగురు ఇక్కడి ఆసుపత్రికి డయాలసిస్‌కు వస్తారు. అందులో ఒకరు మా అక్క లక్ష్మీనర్సమ్మ. బండి వణుకుతుంటే తిరుగు దారంతా సీటు కడ్డీ పట్టుకునే కూర్చుంటుందట, కన్ను మూతపడదట. తను నాతో ఒక్క మాటా అనలేదు. సైదయ్యే చెప్పాడు. ఇగ నీతోని కాదు శ్రీహరన్నా, మిర్యాలగూడల రూతమ్మకు సూపిస్త అని కూడా అన్నాడు. కోదాడ నుంచి పార్టులు శనివారానికి వస్తాయి, సోమవారం దాకా ఆగమని బతిమాలాను. అప్పటిదాకా మెల్లగా నడుపుతానన్నాడు.

జూన్ 4, బుధవారం

ఆ రూతమ్మ దగ్గర ప్రెస్ కూడా లేదట!

జూన్ 5, గురువారం

నా పాత కారు వేసుకుని మిర్యాలగూడ వెళ్లాను. దాని బుష్‌లూ ఎప్పుడో పోయాయి. స్కూల్ మాస్టర్‌నని చెప్పాను. రూతమ్మ నా గోళ్లు చూసి, సార్ ఏం సబ్జెక్ట్ చెప్తరు, గ్రీజా అంది. షెడ్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వక తప్పలేదు.

యాభై దాటిన మనిషి. భర్త పోయాక షెడ్ తనే నడుపుతోంది. ముందు రబ్బరు కోసి తీసింది. ఆర్మ్‌లో మిగిలిన బుష్ ఇనుప గొట్టంలోకి హాక్సా బ్లేడు దూర్చి గొట్టాన్ని మాత్రమే చీల్చింది. ఆర్మ్ మీద ఒక్క గీత పడలేదు. ఉలితో రెండు దెబ్బలు, పాతది ముడుచుకుని చేతిలోకి వచ్చేసింది. కొత్తది ఎక్కించడానికి పొడవునా మరలున్న థ్రెడ్ రాడ్, రెండు నట్లు, ఒక పైపు ముక్క, పాత బేరింగ్ రింగు. అంతే. పానాతో పావు చుట్టు తిప్పడం, ఆగి వేలితో అంచు తడమడం. వంకర పోతే పానా సెప్తది అంది. నా ప్రెస్ నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. ఏం చెయ్యి అది! కడుపు మండింది, దండం పెట్టాలనీ అనిపించింది.

బోల్టులు పూర్తిగా బిగించకుండానే జాకీ దించేసింది. మరిచిపోయిందనుకుని లోలోపల సంబరపడ్డాను. సిగ్గు లేదు నాకు. ఆమె నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోమంది. రోజు నడిపేది నువ్వే కద, నీ బరువు పడనియ్ అంది. అప్పుడు బండి కిందున్న గుంటలోకి దిగి కింద నుంచి బిగించింది. చక్రం గాల్లో ఏలాడంగ బిగిస్తే, దించంగనే రబ్బరు మెలి తిరుగుతది, ఇగ ఎన్ని దినాలు ఓర్సుకుంటది అని అడిగింది.

లిఫ్ట్ కొన్నప్పటి నుంచి నేను అన్నీ గాల్లోనే బిగిస్తున్నాను. ఒక్క బోల్టు కూడా వదులు లేకుండా బండి దించడమే గొప్ప అనుకున్నాను.

మాస్టర్‌ని కాను, మెకానిక్‌నని ఒప్పుకున్నాను. తెల్వదా అంది. కుడి వైపు నాతోనే చేయించింది. మూడుసార్లు చెయ్యి పట్టుకుని ఆపింది.

జూన్ 7, శనివారం

పార్టులు వచ్చాయి. లిఫ్ట్ కొన్నాక పలకలు కప్పేసిన పాత గుంటను మళ్లీ తెరిచాను.

జూన్ 9, సోమవారం, మధ్యాహ్నం

డయాలసిస్ నాలుగు గంటలు. నాకున్న టైమూ అంతే. వాళ్లు మెషీన్ మీద ఉండగా రాడ్, పైపు ముక్కతోనే రెండు వైపులా ఎక్కించాను. ప్రెస్ ముట్టుకోలేదు. తర్వాత ఆరుగురినీ ఆటోల్లో షెడ్‌కే రప్పించి, రోజూ మోసే బరువు పడాలని గుంట మీదున్న వ్యాన్‌లో ఎక్కించమన్నాను. రిపేరుల ఉన్న బండిల మనుషులను కూసోపెడ్తరానే అని సైదయ్య పరేషాన్. రెండుసార్లూ తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. గుంటలో నిలబడి, పైన అక్క దగ్గు వింటూ బోల్టులు బిగించాను.

సాయంత్రం

సైదయ్య ఫోన్. మోతె వచ్చినా అక్క లేవలేదట. ఇల్లొచ్చిందని తట్టి లేపితే, జర పండనియ్యవా అని తిట్టిందట.