అవ్వ అడిగితే ఎవరూ పలకలేదు

గంగన్నా,

నువ్వు చనిపోయి ఏడాదైందని, మన జగిత్యాల మాటల్లో నువ్వు రాసి ఆడిన నాటకాన్ని ఈ శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లోని మనవాళ్ల సంఘం అల్ ముంతజా హాల్లో వేయించింది. ఊళ్లోంచి కొడుక్కి ఫోన్ చేసే తల్లిగా నువ్వు కట్టే అవ్వ వేషం ఈసారి నేనే కట్టాను.

ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో నువ్వు డ్యూటీ బట్టల మీదే తువ్వాలు కప్పుకుని, ఫోన్ చెవిన పెట్టుకుని "తిన్నవా బిడ్డా?" అంటే, చూసేవాళ్లంతా "తిన్ననే అవ్వా" అని కేకేసేవారు. ఆ జవాబు వచ్చేదాకా నువ్వు తర్వాతి మాట అనేవాడివి కాదు.

పెద్దమనుషులు వస్తారు, భాష కాస్త మార్చమని సంఘంవాళ్లు అడిగారు. తలూపి, నీ మాటలన్నీ మార్చేశాను. పట్టుచీర కట్టుకుని "భోజనం చేశావా నాయనా?" అని ఆగాను. వెనక కూర్చున్న మన క్యాంపువాళ్లు నోరు మెదపలేదు. ముందు వరుసల వాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు.

తిరుగు బస్సులో, నీ పక్క మంచం రాజన్న నా వైపు తిరిగాడు.

"మంచిగనే చేసినవ్ గని, గా అవ్వ ఎవల అవ్వరా?"

శాలువా మడిచి సీటు కిందికి తోశాను. క్యాంపు దగ్గర దిగుతుంటే రాజన్నే దాన్ని తీసి, దుమ్ము దులిపి, నా చేతిలో పెట్టాడు.