రూతు జడ పట్టుకున్నదెవరు

శాంతమ్మా, అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావా? మీ నాయనకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? చిన్నత్తకు దగ్గు పోయిందా? పరలోకంలో నొప్పులుండవని మన గుడి పాస్టరు అయ్యగారు అంటారు గానీ నా మనసు ఊరుకోదు.

నీ కూతురి సంగతి చెప్పాలి. కర్నూలుకు సర్కసు వచ్చింది, దాని పక్కనే దయ్యాల గుడారం. చీకట్లో చిన్న బండి ఎక్కించి తోస్తారు, పుర్రెలు మీదికొస్తాయి. మధ్యలో బండి ఆపి, మెరుపు వెలిగించి ఫోటో తీస్తారు. నేను వద్దని మొత్తుకున్నా రూతు నీ తమ్ముడు దావీదుతో ఎక్కింది.

ఫోటోలో దావీదు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎనిమిదేళ్ల నీ బిడ్డ పుర్రెను చూసి నవ్వుతోంది. దాని జడ మాత్రం ఎవరో లాగి పట్టుకున్నట్టు వెనక్కి బిగుసుకుని ఉంది. వెనక ఎవరూ లేరు. తీసినవాణ్ణి అడిగితే వాడికీ తెలియదు.

"గాలికి లేసింటాదిలేమ్మా. అయినా అది ఇంట్లో వద్దు, కాల్చేద్దాం," అన్నాడు దావీదు.

"నిలబడిన బండికి గాలి యాడిదప్పా?" అన్నాను.

"నువ్వు కండ్లు మూసుకునింది అందరూ సూస్తారని కాలుస్తానంటాండావు మామా!" అంది రూతు.

సంతలో తప్పిపోకుండా నువ్వు దాని జడ కొస పట్టుకుని నడిచేదానివి. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. ఫోటోను కాల్చనివ్వలేదు, పటం కట్టించాను. ప్రతిదానికీ భయపడే నేనే వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా శాంతమ్మ బిడ్డ" అంటున్నాను.

రూతుకు జడ గట్టిగా అల్లి, వచ్చే ఆదివారం గుడి విడిచినాక నీ సమాధి దగ్గరికి తీసుకొస్తాను.