మందు కాదనుకున్న పొడి

అక్కా,

నీ తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసా అనుకుంటున్నానని రాయబోయి ఆగాను. వారం వారం డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనిషికి ఆ మాట రాస్తే నువ్వే నవ్విపోతావు.

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోప్పడకు. నీళ్ళు బాగా తాగుతున్నావా, ఉప్పు తగ్గించావా, నీరసంగా ఉంటోందా అని అడిగావు. తాగుతున్నాను, తగ్గించాను, నీరసం లేదు. మొన్ననే మా షాపులో కుట్టిన సోఫాని మూడో అంతస్తుకి మోశాను. అది మెట్ల మలుపులో ఇరుక్కుని అటూ పోక ఇటూ రాకపోతే, ఓనరు చేత నాకు అక్షింతలు పడ్డాయి. నీ మరదలు నా కంచంలో ఉప్పన్నదే లేకుండా చేసింది. నామీద అలిగినప్పుడూ ఇలాగే వండుతుంది కాబట్టి తేడా తెలియట్లేదు.

అసలు సంగతికొస్తాను. నీకు కిడ్నీ ఇద్దామని వెళితే, నా రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుంది, నా కిడ్నీలే సరిగా లేవని డాక్టర్లు పొమ్మన్నారు కదా. అవి నిక్షేపంలా ఉన్నాయట. తప్పంతా ఓ పొడిది, కొంత నా చెవిది.

సోఫాలు మోస్తూ ఆయాసపడుతున్నానని జిమ్‌లో కోచ్ క్రియాటిన్ అనే పొడి ఇచ్చాడు. కండకి బలమట. రోజూ చెంచాడు నీళ్ళలో కలుపుకుని తాగేవాణ్ణి. పరీక్షలప్పుడు నర్సమ్మ, "మందు ఏమైనా తీసుకుంటారా?" అని అడిగింది. పక్కన బావ ఉన్నాడు. బావ ముందు ఇదేం ప్రశ్నని నాకు ఒళ్ళు మండింది. "వాసన కూడా పడదండీ" అన్నాను. బావ మురిసిపోయాడు. ఆవిడ అడిగింది గోలీల మందు, నేను చెప్పింది సీసా మందు. పొడి ఊసే రాలేదు.

ఆ పొడి ఒంట్లో ఖర్చయితే మిగిలేదే క్రియాటినిన్ అట, కిడ్నీలు ఊడ్చెయ్యాల్సిన చెత్త. "బూడిద పేరుకుందని, ఊడ్చేవాడు పని ఎగ్గొడుతున్నాడనుకున్నాం. మీరు పొయ్యిలో కట్టెలెక్కువ వేస్తున్నారని మాకేం తెలుసు?" అన్నాడు డాక్టరు. పొడి మానిపించి, కొన్ని వారాలాగి మళ్ళీ రక్తం తీశారు. ఆ పొడితో సంబంధం లేని వేరే పరీక్ష కూడా చేశారు. రెండూ బాగానే వచ్చాయి.

ఇంతవరకూ హుషారుగా రాశాను. ఇక ముందుకు చెయ్యి సాగట్లేదు. నా కిడ్నీలు పనికిరావన్న రోజు బావ ఆస్పత్రి మెట్ల మీదే ఏడ్చేశాడు. నాకు మాత్రం గండం గడిచినట్టనిపించింది. కోతంటే నాకు భయమక్కా. ఆ వారంలోనే కోచ్ చెప్పాడు, ఈ పొడివల్ల కూడా ఆ అంకె పెరగొచ్చు, డాక్టరుకి చెప్పమని. నేను నోరు మెదపలేదు. ఏమీ ఎరగనట్టు తిరిగాను. అప్పుడొచ్చింది నీ ఉత్తరం. అందులో నీ గురించి ఒక్క ముక్క లేదు, అంతా నా నీళ్ళూ, నా ఉప్పూ. "నా బాధ నేను పడతాను, నీకేమైనా అయితే తట్టుకోలేను" అని రాశావు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

నిన్న ఆయన నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచి తలుపేశాడు. "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. మీ కిడ్నీ సరిపోలేదని మీవాళ్ళకి మేమే చెబుతాం. అసలు కారణం బయటికి రాదు" అన్నాడు. తప్పించుకోవడానికి అంతకన్నా మంచి దారి ఉండదు.

"భయంగా ఉందని రాసుకోండి. ఇస్తానని కూడా రాసుకోండి" అన్నాను.

నన్ను ఎంతైనా తిట్టు, మాట్లాడకపోయినా సరే. కిడ్నీ మాత్రం వద్దనకు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేదాకా కోపంగానైనా నా పక్కనే కూర్చో అక్కా. భయమేస్తోంది.

ఇట్లు,
నీ పిరికి తమ్ముడు